సూది గుచ్చుకుంటే గమ్మునుండొద్దు

నాంపల్లి టేషన్ల దిగి, ఆబిడ్స్ మీదికెల్లి అఫ్జల్‌గంజ్ దిక్కు పోతే సర్కారు దంత కాలేజీ దవాఖాన వస్తది. పన్ను నొస్తే మన ఊర్లోల్లు శానమంది పోయేది ఆడికే. కుర్చీల పడుకున్న మనకు మన నొప్పే కనబడ్తది. మన నోట్లె చేతులు పెట్టి పని నేర్చుకునే పోరగాళ్ల పానం ఎవరికి యాదికుంటది?

మొన్న ఆబిడ్స్‌ల చాయ్ తాగుకుంట, వేరే కాలేజీల చదివే మా తెలిసినోళ్ల పిల్ల చెప్పింది. అంతకుముందు రోజు మత్తు సూదికి మూత పెడ్తుంటె వేలికి గుచ్చుకున్నదట. సార్లు తిడ్తరని గ్లౌజు మార్చుకోని ఊకున్నదట!

అందరికీ హెచ్ఐవీ అంటెనే భయం. అది సూదితోని అంటేది వెయ్యిల ముగ్గురికి. హెపటైటిస్ బి అట్ల కాదు. టీకా లేకుంటే నూటికి 6 నుంచి 30 మందికి అంటొచ్చు. టీకా 3 డోసులు, 6 నెలలు పడ్తది. అయినంక నెల, రెండు నెలలకు నెత్తురు పరీక్ష చేస్తెనే పనిచేసిందో లేదో ఎరుకైతది. పేషెంటును ముట్టకముందే ఇదంతా కావాలె.

గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లె పెట్టుకోవద్దు. సబ్బు నీళ్లతోని కడిగి, అప్పుడే చెప్పాలె. హెచ్ఐవీ రాకుండ ఇచ్చే మందు 2 గంటలల్ల మొదలువెడ్తె మంచిది, 72 గంటలు దాటొద్దు. 28 రోజులు మింగాలె.

దవాఖాన చెత్త ముట్టేటోళ్లకు హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు దవాఖానే ఇప్పియ్యాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలల్ల ఉన్నది. రోజూ సూదులు పారేసే స్టూడెంట్లు అండ్ల రారా? జీతం లేదని లెక్కలకెల్లి తీసేస్తరా?

ఆ పిల్లకు మూడో డోసు ఇంకా కాలేదు. చాయ్ సగంలనే ఇడిసి దవాఖానకు తోల్కపోయిన.