కమాను బ్రాకెట్టు

లారీ, బస్సు వంటి భారీ వాహనాలలో కమాను కట్టలను ఛాసిస్‌కు కలిపి ఉంచే లోహపు భాగాన్ని కమాను బ్రాకెట్టు అంటారు. సాధారణంగా కమాను ముందు కొన కదలని బ్రాకెట్టుకు, వెనుక కొన ఊగే షాకిల్‌కు బిగించబడి ఉంటాయి. బరువు పడి కమాను పొడవు సాగినపుడు షాకిల్ ఊగి చోటు ఇస్తుంది. అందువలన బ్రేకు వేసినపుడు కలిగే లాగుడును కదలని బ్రాకెట్టే భరించవలసి వస్తుంది. అది విరిగితే ఇరుసు ఒకవైపు జరిగి బండి పక్కకు లాగుతుంది. ముందు ఇరుసు విషయంలో స్టీరింగు అదుపు తప్పే ప్రమాదం కూడా ఉంది.

నష్టాన్ని గుర్తించడం

పగుళ్ళు ఎక్కువగా రంధ్రాల అంచులలోను, మూలలలోను మొదలవుతాయి. మట్టి, గ్రీజు కడిగితేగాని ఇవి కనబడవు. రివెట్టు చుట్టూ తుప్పురంగు పొడి ఉంటే అది వదులైనదని అర్థం. సన్నని పగుళ్ళ కొరకు రంగు ద్రవాన్ని పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లుతారు. పగులులో మిగిలిన రంగు పొడిమీద గీతగా తేలుతుంది.

మరమ్మతా, మార్పిడా

ఈ నిర్ణయం ముఖ్యంగా లోహాన్ని బట్టి ఉంటుంది. చాలా బ్రాకెట్లు పోత ఇనుముతో చేసినవి. ఇందులో కర్బనం ఎక్కువ కనుక, వెల్డింగు చేసిన చోటు త్వరగా చల్లారి పెళుసుబారుతుంది. అతుకు పైకి గట్టిగానే కనబడినా దాని పక్కనే మళ్ళీ పగులుతుంది. కాబట్టి పగిలిన పోత బ్రాకెట్టును మార్చడమే సరైనది. దారిలో ఆగిన లారీకి అతుకు వేయించి ఊరు చేర్చడం తెలిసిన పద్ధతే గాని, ఆ అతుకుతోనే తిరిగి సరుకు ఎత్తడం సాహసం.

బుష్, పిన్ను మాత్రమే అరిగితే వాటిని మార్చితే చాలు. రివెట్లు వదులైతే వాటిని తొలగించి, రంధ్రానికి బిగువుగా పట్టే అధికబలపు బోల్టులు వేయవచ్చును. రంధ్రం కోలగా సాగి ఉంటే రీమరుతో గుండ్రంగా చేసి పెద్ద బోల్టు వాడతారు. గ్యాసుమంటతో రంధ్రాన్ని పెద్దది చేయరాదు.

పగులు ఛాసిస్ పట్టీలోకి పాకితే సమస్య జటిలమవుతుంది. వేడిచేసి చల్లార్చి గట్టిపరచిన ఉక్కు పట్టీ వెల్డింగు వేడికి తన బలాన్ని కోల్పోతుంది. కనుక అటువంటి పట్టీ విషయంలో తయారీదారు సూచనలు చూడనిదే పని మొదలుపెట్టరాదు.

బ్రాకెట్టు మార్చిన తరువాత ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని రెండు వైపులా కొలుస్తారు. బిగింపులన్నీ సరిగా ఉండి కూడా కొలతలు కలవకపోతే, ఛాసిస్ వంగినదేమో పరీక్షించవలసి ఉంటుంది.