వార్తల్లో పదం: హిప్నోజోయిట్

మలేరియా వార్తల్లో కనిపించే పదమిది. వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి కాలేయ కణాల్లో నిద్రాణంగా ఉండే దశే హిప్నోజోయిట్. దోమకాటుతో ఒంట్లో చేరిన ఏకకణ జీవుల్లో కొన్ని కాలేయంలో వృద్ధిచెంది, రక్తంలోకి వచ్చి చలిజ్వరం తెప్పిస్తాయి. మిగతావి అక్కడే ఉండిపోయి వారాలు, నెలల తర్వాత మేలుకొంటాయి. మళ్లీ దోమ కుట్టకపోయినా జ్వరం తిరగబెట్టేది అందుకే. ఫాల్సిపారం రకంలో ఈ దశ ఉండదు.

రక్తపరీక్షలో హిప్నోజోయిట్‌లు దొరకవు. 3 రోజుల క్లోరోక్విన్ రక్తంలోని క్రిములనే చంపుతుంది. కాలేయంలోని వాటికి 14 రోజుల ప్రైమాక్విన్ వాడతారు. గర్భిణులకు అది ఇవ్వరు. జీ6పీడీ ఎంజైమ్ లోపముంటే ఈ మందుతో ఎర్ర రక్తకణాలు చిట్లే ప్రమాదముంది. మాడుగుల మీదుగా పాడేరు ఏజెన్సీకి వెళ్లొచ్చే చోడవరం వాసులు, నెలల తర్వాత జ్వరమొచ్చినా ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు చెప్పాలి. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో మానకూడదు.