పండుగ కానుకల్లో పుస్తకానికి చోటేది?

మచిలీపట్నం: భోగికి రెండు రోజుల ముందు నుంచే బందరు బస్టాండులో దిగేవారి చేతుల్లో బరువైన సంచులు కనిపిస్తాయి. అల్లుడికి బట్టలు, మనుమలకు బొమ్మలు, పక్కింటివారికి మిఠాయి పెట్టెలు. తిరుగు ప్రయాణంలో అవే సంచుల్లో అరిసెలు, జంతికలు, బందరు లడ్డూలు ఎక్కుతాయి. ఇచ్చిపుచ్చుకోవడాలు ఇంత ఘనంగా సాగే పండుగలో ఒక్క పుస్తకమైనా ఉన్న సంచీ మాత్రం అరుదు. పుస్తకాలు అచ్చువేసి ఊరూరికీ పంపిన పట్టణంలో ఇది విచారించదగిన సంగతే.

1902లో కృష్ణాపత్రిక పుట్టింది ఇక్కడే. తరువాతి కాలంలో సామాన్యుని ఇంటి గడపలోకి పుస్తకాన్ని తెచ్చిన సంస్థ కూడా బందరుదే. ఎం. శేషాచలం అండ్ కంపెనీ అంటే నేటివారికి తెలియకపోవచ్చు. ఆ పేరులోని పొడి అక్షరాలతో ఏర్పడిన ఎమెస్కో అంటే మాత్రం చదువరులందరికీ తెలుసు. 1960, 70 దశకాల్లో ఆ సంస్థ వేసిన పాకెట్ పుస్తకాలపై మద్రాసు, సికిందరాబాదు పేర్లతో పాటు మచిలీపట్నం పేరూ ఉండేది. నవలలతో బాటు మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాలు కూడా అందుబాటు ధరకు వచ్చాయి. 'ఇంటింటా గ్రంథాలయం' పేరుతో సభ్యుల ఇళ్ళకే పుస్తకాలు పంపే ఏర్పాటు ఉండేది. చేతిసంచీలో ఇమిడే అలాంటి పుస్తకాన్ని పండుగకు బావమరిదికో, స్నేహితురాలికో ఇవ్వడానికి పెద్ద ఖర్చు లేదు. ఎమెస్కో పుస్తకాలు నేటికీ వస్తున్నాయి. అయితే బందరు నుంచి కాదు.

ఇచ్చేవారు మొదటి పేజీలో నాలుగు ముక్కలు రాసి సంతకం చేయడం ఆనాటి ఆచారం. చిరంజీవి ఫలానాకు సంక్రాంతి ఆశీస్సులతో అని ఒక వరుస, కింద ఊరు, తేదీ. స్టీలు గిన్నె మీద పేరు కొట్టించి ఇచ్చే అలవాటు మనవారికి ఇప్పటికీ ఉంది. పుస్తకం మీద రాత కూడా అటువంటిదే. కాకపోతే మరచెంబు మీద కంటే ఇక్కడ మరి రెండు మాటలు ఎక్కువ పడతాయి.

దివిసీమలో ఆ రాతలు వెతకబోతే మరో కథ ఎదురవుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొంది. ఇళ్ళతో బాటు ఇంట్లోని పెట్టెలు, భోషాణాలు పోయాయి. మనుషులనే పోగొట్టుకున్నచోట పుస్తకాల లెక్క ఎవరు తీస్తారు? తాత చేతిరాత ఉన్న పుస్తకం చూపమంటే చూపలేని ఇళ్ళు తీర గ్రామాల్లో ఉంటే, అందుకు కారణం చదువు మీద అశ్రద్ధ అనుకోరాదు.

దేవుడే పుస్తకాన్ని అడిగి పుచ్చుకున్న ఊరు కూడా ఈ ప్రాంతంలోనే ఉండడం విశేషం. ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమని కోరగా శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచించినట్లు ఆ కావ్యమే చెబుతుంది. అంతటి కానుక ఇవ్వలేని మనం కొని ఇవ్వవచ్చు.

అయితే ఏ పుస్తకం ఇవ్వాలి? ఒకే పుస్తకం పాతిక ప్రతులు కొని ఇంటికి వచ్చినవారందరికీ పంచేవారున్నారు. దానిని పంపకం అనాలి గాని కానుక అనలేము. పుచ్చుకునేవారి ఇష్టమేమిటో, కంటిచూపు ఎలా ఉందో, తీరిక ఎంతో తెలిసి ఇస్తేనే అది తెరవబడుతుంది. గుడివాడ సమీపంలోని అంగలూరులో పుట్టిన గోపీచంద్ నవలలు ఆ ఊరి పిల్లల్లో ఎందరి చేతికి వచ్చాయి? ఆయన 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'కు 1963లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గుడివాడ నుంచి ఉద్యోగానికి వెళ్ళిన యువకునికి పండుగ నాడు అది అందితే సొంత ఊరి మనిషి పలకరించినట్లుంటుంది. విశ్వనాథ వారి 'వేయిపడగలు' ఇవ్వదలచినవారు మాత్రం ఆ లావు చూసి జంకని మనిషిని ఎంచుకోవాలి.

అసలు చిక్కు మనుమలతోనే ఉంది. హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో వచ్చే పిల్లలు తెలుగు మాట్లాడతారు. చదవమంటే దిక్కులు చూస్తారు. వారికి తెలుగు కథల పుస్తకం ఇస్తే అది బీరువా ఎక్కుతుంది. 1947లో మొదలైన 'చందమామ' ఒక తరానికి తనంతట తానే చదువు నేర్పింది. అదిప్పుడు రావడం లేదు. కనుక ఇచ్చిన తాతయ్యే, అమ్మమ్మే భోగి నుంచి కనుమ దాకా రోజుకొక కథ చదివి వినిపించాలి. ముక్కనుమ నాడు పిల్లవాడు కథ మిగిలి ఉండగా బస్సెక్కితే ఇంకా మంచిది. మిగతాది చదివించుకోవడానికి అమ్మను సతాయిస్తాడు.

కొనడానికి విజయవాడ పుస్తక ప్రదర్శన ఉంది. 1989లో మొదలైన ఆ ప్రదర్శన సాధారణంగా సంక్రాంతికి కొద్ది రోజుల ముందే జరుగుతుంది. గుడివాడ నుంచి పూటలో వెళ్ళి రావచ్చు.

పండుగకు రాలేని ఆప్తులకు పంపడమే కొంతకాలం కష్టమైంది. రిజిస్టర్డ్ బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో నిలిపివేయడంతో, పుస్తకం ధర కంటే పంపే ఖర్చే ఎక్కువైన సందర్భాలు వచ్చాయి. 2025 మే 1 నుంచి దేశంలోపల పంపడానికి 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. మొదలుపెట్టినప్పటి రేట్ల ప్రకారం 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. విద్య, సంస్కృతి, మత సంబంధమైన పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. వారమాస పత్రికలు, ప్రకటనలున్న వాణిజ్య ప్రచురణలు పనికిరావు. కట్ట విమానంలో కాక నేల మార్గాన వెళుతుంది. కనుక సంక్రాంతికి చేరవలసిన పుస్తకాన్ని డిసెంబరు నెలాఖరులోగా తపాలా కార్యాలయంలో ఇవ్వడం మంచిది.