నెలసరి అంటు కాదు

చెల్లెళ్లారా! మన తండాల్లో, గూడేల్లో కొన్ని ఇళ్లల్లో ముట్టయిన పిల్లను మూడు రోజులు దూరం కూర్చోబెడతారు. చదువుకోడానికి చాంద్రాయణగుట్ట దాకా వచ్చినా ఆ సిగ్గు మన వెంటే వస్తుంది. కడుపు నొచ్చినా ఎవ్వరికీ చెప్పం.

పూర్వం ఆడవాళ్లు ఇట్లాగే బాధను దాచుకునేవారు. మగ డాక్టరుకు చూపించుకోలేరు, ఆడ డాక్టరు దొరకదు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. మొదట ఆమెకు బడుల పని అప్పజెప్పారు. అయినా వైద్యం మానలేదు. 1898లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. ఇక్కడి అమ్మాయిలు అందులో నర్సు పని నేర్చుకున్నారు.

ఆమె నమ్మిన బైబిలులో, మార్కు సువార్త 5వ అధ్యాయంలో, 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ ఉంది. ఆనాటి ఆచారంలో అది మైల. అయినా ఆమె ఏసు వస్త్రం ముట్టుకుంది. ఆయన కోప్పడలేదు, కూతురుగా పిలిచాడు. మనం ఏ మతం వాళ్లమైనా తెలుసుకోవలసింది ఒకటే: రక్తం పోతే మనిషి విలువ పోదు.

నెలసరి అంటే ఏమిటి? గర్భసంచిలో నెలనెలా ఒక మెత్తని పొర తయారవుతుంది. గర్భం రాకపోతే ఆ పొర రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అది చెడు రక్తం కాదు.

గుర్తుంచుకోండి:
1. గుడ్డ గానీ ప్యాడ్ గానీ 4–6 గంటలకోసారి మార్చాలి.
2. గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. మూలన దాచొద్దు.
3. 7 రోజులు దాటినా, గంటగంటకూ గుడ్డ తడిసిపోతున్నా నర్సమ్మకు చెప్పాలి.

చెప్పుకుంటే పరువు పోదు. దాచుకుంటేనే జబ్బు ముదురుతుంది.