పోలీసు తూటాను కోటు ఆపగలదా?
గాయాల శాస్త్రం వేరే సంగతి చెబుతోంది

పోలీసులు రివాల్వర్‌తో కాల్చినా తూటా దుండగుడి దళసరి కోటును దాటలేకపోయిందన్న కథనాలు అమెరికాలో దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్నాయి. అక్కడి పోలీసులు చాలాకాలం వాడిన .38 స్పెషల్ తూటాపైనే ఈ నింద ఎక్కువగా పడింది. అయితే ఈ కథనాలలో చాలా భాగం కొలతల ముందు నిలబడవు.

ఆ తూటా బరువు సుమారు 10 గ్రాములు. నాలుగంగుళాల గొట్టం నుంచి అది సెకనుకు దాదాపు 230 మీటర్ల వేగంతో వెలువడుతుంది. ఇటువంటి తూటా మనిషి చర్మాన్ని చీల్చడానికి సెకనుకు 60 మీటర్ల అటూఇటూ వేగం చాలునని ఫోరెన్సిక్ నిపుణుల ప్రయోగాలలో తేలింది. ఉన్ని కోటు, స్వెటర్, చొక్కా ఒకదానిపై ఒకటి వేసుకున్నా తూటా వేగంలో తగ్గేది స్వల్పమే. మామూలు బట్టే తూటాను ఆపగలిగితే బులెట్‌ప్రూఫ్ జాకెట్‌తో పనేముంది? 1965లో డ్యూపాంట్ సంస్థ శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న కెవ్లార్ దారాన్ని ఒత్తుగా నేసి, పొరలపై పొరలు పేర్చితేగాని పిస్టల్ తూటా ఆగదు. 1890 దశకంలో షికాగోలో కాజిమిర్ జెగ్లెన్ అనే మతాచార్యుడు పట్టుతో ఇటువంటి కవచాన్ని తయారుచేసిన మాట నిజమే. కానీ అది ప్రత్యేకంగా నేసిన మందపాటి పట్టు, ఎదుర్కొన్నవి ఆనాటి మందకొడి తూటాలు. బజారులో కొన్న కోటుకు ఆ గుణం రాదు.

మరి ఈ కథలు ఎలా పుడతాయి? శవపరీక్షలు చేసే వైద్యులకు తెలిసిన ఒక సంగతి ఇక్కడ కీలకం. శరీరంలోకి దూసుకెళ్లిన తూటా అవతలి వైపుకు చేరేసరికి బలం కోల్పోతుంది. చర్మానికి సాగే గుణం ఉన్నందున కొన్నిసార్లు దాని కిందే చిక్కుకుంటుంది. చర్మాన్ని చీల్చుకుని బయటపడినా లోపలి చొక్కా మడతలో ఆగిపోవచ్చు. గాయపడిన వ్యక్తి బట్టలు విప్పుతుండగా ఆ తూటా జారి కిందపడితే, చూసినవారు అది లోపలికే వెళ్లలేదనుకోవడం సహజం. నిజానికి అది శరీరం మొత్తాన్ని దాటి వచ్చింది.

రెండో కారణం ఇంకా సామాన్యమైనది. తూటా అసలు తగలనే లేదు. న్యూయార్క్ పోలీసుల కాల్పులను పరిశీలించి రాండ్ సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1998-2006 మధ్య ఎదురుకాల్పులలో గురి తప్పకుండా తగిలినవి 18 శాతమే. ఎదుటివారు కాల్పులు జరపని సందర్భాలలోనూ అది 30 శాతం. ‘తప్పిపోయింది’ అని ఒప్పుకోవడం కంటే ‘తూటాలో బలం లేదు’ అనడం ఎవరికైనా తేలికే. కొరియా యుద్ధం (1950-53)లో అమెరికా సైనికులు ఎం1 కార్బైన్ తూటాలు చైనా సైనికుల దూది కోట్లను దాటడం లేదని ఫిర్యాదు చేశారు. ఆ తూటా వేగం సెకనుకు 600 మీటర్లు. తరువాత దూదిపొరలను తడిపి, గడ్డకట్టించి కాల్చి చూసినవారికి అది సునాయాసంగా దాటిపోవడం కనిపించింది.

అన్ని ఫిర్యాదులూ కట్టుకథలేనని కాదు. నూనె చేరి మందు పాడైన పాత తూటా, కారు తలుపునో అద్దాన్నో చీల్చుకుని వచ్చిన తూటా, బాగా ఏటవాలుగా తాకిన తూటా బలహీనంగా ఉండవచ్చు. అప్పుడు తప్పు మందుదో మధ్యనున్న అడ్డంకిదో అవుతుంది గాని కోటుది కాదు.

ఈ గందరగోళానికి హాలో పాయింట్ తూటాలు మరింత దోహదం చేశాయి. ముక్కున గుంట ఉండే ఈ తూటా శరీరంలో పువ్వులా విచ్చుకోవాలి. దళసరి బట్ట పీలికలు ఆ గుంటలో కూరుకుపోతే అది విచ్చుకోదు. అంతమాత్రాన ఆగిపోదు సరికదా, సాధారణంగా మరింత లోతుకు వెళుతుంది! ‘బట్ట వల్ల తూటా విఫలమైంది’ అన్న మాటకు సరైన అర్థం ఇదే. నోటి నుంచి నోటికి మారి అది ‘బట్టను దాటలేదు’గా మారింది.

1986 ఏప్రిల్ 11న మయామిలో ఎఫ్‌బీఐకి ఎదురైన విషాదమూ ఇలాగే వక్రీకరణకు గురయ్యే ఘటన. ఇద్దరు దోపిడీ దొంగలతో జరిగిన ఆ పోరులో ఇద్దరు ఏజెంట్లు మరణించారు. అంతకుముందే ఒక ఏజెంటు పేల్చిన 9 ఎంఎం తూటా దుండగుడు మైకేల్ ప్లాట్ చేతిని చీల్చి ఛాతీలోకి దిగి, గుండెకు సుమారు అంగుళం దూరంలో ఆగింది. బట్టను అది సులువుగానే దాటింది. చాలనిది శరీరంలోని లోతు. ఆ తరువాత ఎఫ్‌బీఐ జెలటిన్ దిమ్మెలపై పరీక్షలు రూపొందించి, తూటా కనీసం 12 అంగుళాలు, గరిష్ఠంగా 18 అంగుళాలు చొచ్చుకుపోవాలని ప్రమాణం పెట్టింది. దళసరి దుస్తులు కప్పిన దిమ్మెపై కాల్చడం కూడా ఆ పరీక్షలలో ఒకటి.

మన దేశంలో ఇషాపూర్ కర్మాగారం తయారుచేసిన 9 ఎంఎం పిస్టల్‌లో సాధారణంగా పూర్తి లోహపు తొడుగు ఉన్న తూటాలే వాడతారు. వాటికి గుంట లేదు కనుక బట్ట కూరుకుపోయే సమస్యే లేదు. వీటితో వచ్చే చిక్కు అందుకు పూర్తిగా విరుద్ధమైనది: నిందితుడి శరీరాన్ని దాటి వెనకనున్న బాటసారికి తగలడం. న్యూయార్క్ పోలీసు శాఖ 1998లో హాలో పాయింట్ వైపు మొగ్గడానికి చెప్పిన కారణాలలో అదొకటి.