కడుపు చిన్నదైన పిదప కదలని తూకము

కడుపు కోయించుకొని లావు తగ్గించుకొనుట యనగా అది సినిమావారికిని, పట్టణములందలి ధనవంతులకును జెందిన మాటయని కొన్ని యేండ్ల క్రిందట మన పల్లెలలో ననుకొనెడివారు. నేడట్లు గాదు. మా కొత్తపల్లె చుట్టుపట్ల, ఇటు నంద్యాల మొదలుకొని అటు ఆళ్లగడ్డ వఱకు, కర్నూలికో హైదరాబాదుకో పోయి ఈ చికిత్స చేయించుకొని వచ్చిన యిల్లాండ్రను గూర్చి అప్పుడప్పుడు వినుచున్నాము. మోకాళ్ల నొప్పి కోర్వలేక కొందఱు, మధుమేహము వశము గాక కొందఱు ఇందునకు సాహసించుచున్నారు. వైద్యులు దీనిని బేరియాట్రిక్ శస్త్రచికిత్స యందురు. కత్తి చేయవలసిన పనిని గూర్చి వైద్యులు చెప్పనే చెప్పుదురు. ఇంటికి వచ్చిన పిదప వంటింటిలో జరుగు సంగతిని గూర్చి చెప్పువారు తక్కువ. అందును, కొన్నినెలలు చకచక దిగిన తూకము ఒక్కమాఱుగా నిలిచిపోయినప్పుడు ఆ యింట లేచు గాలివానను గూర్చి చెప్పువారు మఱియు తక్కువ. సోదరీమణులారా, మేము దానినే వ్రాయదలచితిమి.

మన సీమ జొన్నకును కొఱ్ఱకును పుట్టినిల్లు వంటిది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమువారు 'సూర్యనంది' యను కొఱ్ఱ వంగడమును సైతము వెలువరించిరి. అయినను కె.సి. కాలువ నీరు పాఱిన చోటనెల్ల వరి పండినది. తెల్లని సోనా బియ్యము మూడుపూటల కంచమున జేరినది. దంచుట, విసరుట, నీరు తోడుట యంత్రముల పాలైనవి. తప్పంతయు బియ్యముదే యని మేమనము. దంచిన చేతులు విశ్రమించుటయు నొక కారణమే. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది ఉండదగిన తూకమును మించియున్నారు. ఆ సర్వేయందే నూటికి 58 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. లావుగా నున్న యామెకు రక్తము పుష్కలముగా నుండునను తలంపు వట్టిది. ఈ మాట ముందు మఱల వచ్చును.

చికిత్సలో ముఖ్యముగా రెండు తెఱగులు. మొదటిది స్లీవ్. ఇందు కడుపులో ముప్పాతిక వంతును కోసి తీసివైచి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా నుంతురు. రెండవది బైపాస్. ఇందు కడుపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా ఒక ఉగ్గుగిన్నెడు పట్టు సంచిని వేఱుచేసి దానిని చిన్నప్రేగునకు నేరుగా గలుపుదురు. కడుపులో పుండునకై కొంత భాగము కోయించుకొనిన స్త్రీలు పిదప లావెక్కకుండుట చూచి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లో ఈ బైపాసునకు మొదలుపెట్టెను. పాత్ర చిన్నదైనందున మాత్రమే తూకము తగ్గుననుకొనరాదు. ఆకలిని రేపు గ్రెలిన్ అను రసమొకటి కడుపు గోడలందు బుట్టునని 1999లో జపానువారు కనుగొనిరి. స్లీవునందు కోసివైచిన భాగముతో నదియు జాలవఱకు బోవును.

చరకసంహిత సూత్రస్థానమున అతిస్థూలుని గూర్చి చెప్పు అధ్యాయమొకటి కలదు. స్థూలుని కోష్ఠమున వాయువు చిక్కువడి జఠరాగ్నిని రగుల్చుననియు, అందుచే నతని యాకలి మితిమీఱుననియు నందు జెప్పబడినది. మిక్కిలి యాకలి వ్యాధిలో నొక భాగమేకాని నోటి చాపల్యము కాదని యాచార్యుడెన్నడో యనెను. లావుగానున్న కోడలిని 'తిండిపోతు' అను నత్తగా రాయధ్యాయమును వినదగును.

ఇక తూకము మాట. మాకు అక్క వరుసైన బంధువొకామె, వయస్సు 41, తూకము 112 కిలోలు, స్లీవ్ చేయించుకొనెను. మూడునెలలలో 17 కిలోలు దిగెను. ఇరుగుపొరుగు వచ్చి చూచి పోయిరి. అంతట 95 కడ ముల్లు నిలిచినది. ఒక వారము, రెండు వారములు, అయిదు వారములు! ఆమె దినమునకు మూడుమాఱులు త్రాసెక్కెను. అత్తగారు వరండాలో గూర్చుండి, "లచ్చలు పోసి కోయించుకుంటివి, ముల్లు కదలకపాయె గదమ్మా" అని యనుట మొదలిడెను. భర్త యేమియు ననలేదు. ఆ మౌనమే యెక్కువ బాధించెనని యామె మాతో ననినది. అంతట నామె యేమి చేసెననగా, తినుచున్న ఆ నాలుగు ముద్దలను రెండు చేసెను. గ్రుడ్డు మానెను, పప్పు మానెను, చారునీళ్లతో మజ్జిగతో దినములు వెళ్లబుచ్చెను. జుట్టు గుప్పెడు గుప్పెడుగా నూడెను. ఒకనాటి వేకువను కళ్లు తిరిగి తులసికోట యొద్ద పడిపోయెను.

పాప మామె యెఱుగనిదేమనగా, తూకము నిలుచుట యీ చికిత్స చేయించుకొనిన వారిలో ననేకులకు వచ్చునదే. చికిత్స యైన మూడవ వారము నాటికే కొందఱికి మొదటిమాఱు వచ్చును. దేహము కాలేయమునందును కండలయందును కొంత పిండిపదార్థమును దాచుకొనును; ఆ నిలువ గ్రాము గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు నుండును. తొలి దినములలో తిండి లేక ఆ నిలువ కరగునప్పుడు నీరు గూడ బోవును గాన తూకము వేగముగా దిగును. పిదప నిలువ మఱల గొంత నిండునప్పుడు లోపల క్రొవ్వు కరగుచున్నను త్రాసు చెప్పదు.

తరువాతి నెలలలో వచ్చు నిలుపునకు కారణము వేఱు. 112 కిలోల దేహమును మోయుటకు కావలసిన శక్తి 95 కిలోల దేహమునకు అక్కఱలేదు. అదియునుగాక, తిండి తగ్గినప్పుడు దేహము కఱవు వచ్చినదని తలచి, కఱవుకాలమున గృహిణి నూనె బొట్టు బొట్టుగా వాడునట్లు, తన వ్యయమును తానే తగ్గించుకొనును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, తామై ముందునకు వచ్చిన 36 మంది యువకులకు ఆఱునెలలు సగము తిండి పెట్టి చూచెను. వారి తూకము సుమారు నాలుగవ వంతు తగ్గెను. కాని దేహము వెచ్చించు శక్తి అంతకంటె నెక్కువగా, నూటికి 40 వంతుల వఱకు తగ్గెను. వారికి పగలు రాత్రి తిండి ధ్యాసయే. కొందఱు వంటల పుస్తకములను చదువుచు గూర్చుండెడివారట. తూకము నిలిచినదని తిండి మఱియు తగ్గించువారు దేహమును మఱియు పిసినిగొట్టును జేయుచున్నారన్నమాట. క్రొవ్వుతోపాటు కండయు గరగును, కండ కరగినకొలది వ్యయము తగ్గును.

ఆసుపత్రిలోని ఆహారనిపుణురాలు మా యక్కను తిట్టలేదు. ఏడు దినములు నోట బెట్టినదెల్ల కాగితముపై వ్రాసి తెమ్మనెను. ఆ పట్టిక మేమును జూచితిమి. భోజనములు లేవు. కాని తేనీరు దినమునకు అయిదు గ్లాసులు, గ్లాసునకు రెండు చెంచాల చక్కెర. పిల్లలు విడిచిన బిస్కత్తు. చేతికందిన బొరుగులు పిడికెడు. అడుగంటిన పాయసము రెండు గరిటెలు. మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, దినమునకు కనీసము 60 గ్రాములుండవలెనట. ఆమె పట్టికలో 25 గ్రాములును లేవు. దీనిలోని కిటుకు చదువరులు గమనింపుడు. చిన్నకడుపు గట్టి పదార్థమును అడ్డగించును గాని మెత్తనిదానిని, జారుదానిని అడ్డగింపదు. గ్రుడ్డు ఒకటి తినగనే చాలు ననిపించును. తీపి తేనీరు ఎన్నిమాఱులు పోసినను జారిపోవుచునే యుండును. బొరుగులు నోటనే కరగును.

కావున చిన్నకంచమున మొదట చోటు ప్రోటీనుది. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల ఎండుపప్పులో 7 గ్రాములు, గ్లాసెడు పాలలో నించుమించు 6 గ్రాములు నుండును. మాంసము ముట్టని యిండ్లలో 60 నింపుట కష్టమే. పెసలు, ఉలవలు, పెరుగు, పన్నీరు, సోయా, కొన్నాళ్లు వైద్యులిచ్చు పొడి అన్నియు కలిసిన గాని కుదరదు. పప్పు ముందు, కూర పిదప, అన్నము చివర. ఈ వరుస మన వడ్డనకు తలక్రిందు. అన్నము రాశిగా బోసి దానిపై చారెడు పప్పు వేయుట మన యలవాటు గదా!

మన సీమ తిండిలో సంగటిని గూర్చి ప్రత్యేకముగా జెప్పవలెను. రాగులలో సున్నము మెండు. నూఱు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు పైగా నుండును. కాని సంగటిని మనము నమలము, ముద్దచేసి పులుసులో నద్ది మ్రింగుదుము. నమలిన నవ్వుదురు గూడ. చిన్నకడుపు గలవారికి అట్టి ముద్ద గొంతు దిగువనే పట్టుకొని రొమ్ము నొప్పియు వాంతియు దెచ్చును. వారు తినదలచిన, తొలినెలలు గడచిన పిదప, పలుచని యంబలిగా నారంభించి, చెంచాడు చెంచాడుగా నోట ద్రిప్పి తినవలెను. జొన్నరొట్టె యెండినది పనికిరాదు. పప్పులో నానిన తునకయైన మేలు. కొఱ్ఱన్నము మెత్తగా నుడికించిన చక్కగా నొదుగును. చరకుడు స్థూలునకు హితమని చెప్పిన ధాన్యములలో ప్రియంగువు, అనగా మన కొఱ్ఱయే, యొకటి; జొన్న, అరిక, పెసర, ఉలవ, కంది కూడ నా పట్టికలో నున్నవి. మన పితామహులు పండించినవే!

నీటి విషయమున మాత్రము పాతమాటను కొంత ప్రక్కనుంచవలసి వచ్చినది. కడుపున రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు నీటికి, నాలుగవ పాలు వాయువునకు విడువవలెనని వాగ్భటుని యష్టాంగహృదయము చెప్పును. నిండుకడుపు గలవారికి ఆ లెక్క నేటికిని యందముగానే యున్నది. చిన్నకడుపు గలవారు భోజనముతో నీరు త్రాగరాదు. తిన్న పిదప అరగంట యాగి, దినమంతయు గ్రుక్క గ్రుక్కగా త్రాగవలెను. నీటితో గలిసిన మెతుకు త్వరగా జారి, మఱల నాకలి పుట్టును. గ్యాసు నిండిన సోడాలు, శీతలపానీయములు వలదు.

బైపాసువారికి తీపి వలన వేఱొక చిక్కు గలదు. రెండు ఓళిగలు తినిన పావుగంటకో అరగంటకో చెమటలు, గుండెదడ, విరేచనము గలుగును. దీనిని డంపింగు అందురు. అహోబిలేశుడు పారువేటకు వెడలి నలువది దినములకు పైగా ఆళ్లగడ్డ సీమ పల్లెలలో దిరుగునప్పుడు ప్రతి యింట చుట్టములే, ప్రతి యింట తీపియే. "ఒక్కటి తిను, ఏమీ కాదు" అనుట ప్రేమయే. అయినను ఆ ప్రేమకు తలయొగ్గినామె రాత్రియంతయు పడు బాధ నెవరును జూడరు. అతిథికి మజ్జిగ నిచ్చి మర్యాద చేయుటయు మర్యాదయే గదా.

రక్తహీనత మాట మఱల వచ్చునంటిమి. చిన్నకడుపు ఇనుమును, బి12 విటమినును సరిగా గ్రహింపజాలదు. నెలనెల రక్తము గోల్పోవు స్త్రీకి ఇది రెట్టింపు కొఱత. కావున ఇనుము, సున్నము, బి12, డి విటమిను మాత్రలు జీవితాంతము వైద్యులు చెప్పినట్లు వాడుచు, ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను. "బాగుంటిని గదా, మాత్రలెందులకు" అని మానువారిని మేమెఱుగుదుము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ప్రేగులు తిండిని గ్రహింపజాలని స్ప్రూ రోగముచే అన్నదమ్ములను గోల్పోయి, తామును దానిచే బాధపడి, తుదకు అమెరికాలో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన పరిశోధనకు నాయకులైరి. నోట బెట్టినది వేఱు, ఒంట బట్టినది వేఱు అని వారి యింటికంటె నెక్కువ యెఱిగిన యిల్లు లేదు. వాంతులు దినముల తరబడి ఆగనిచో ఇంటివైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి బోవలెను. బి1 విటమిను తఱిగి నరములును మెదడును చెడు ప్రమాదము గలదు. పిల్లలు కావలసినవారు చికిత్స పిదప ఏడాది మొదలు ఏడాదిన్నర వఱకు గర్భము దాల్చకుండుట మంచిదని వైద్యులందురు. నిర్జలోపవాసములును ఆ కాలమున వలదు, దేవుడు మన్నించును.

మా యక్క యింట మార్పు చేయవలసినది వంటలో కాదు, వడ్డనలో నని మాకు దోచినది. అందఱు తిన్న పిదప, కుండల యడుగున మిగిలినదానిని, పిల్లలు విడిచినదానిని, పాఱవేయుట పాపమని యిల్లాలు తినుట మన యాచారము. చిన్నకడుపు గలామెకు ఆ మిగులే శత్రువు. ఆమెకు కావలసిన గ్రుడ్డో పప్పో అప్పటికి మిగులదు; మిగులునది అన్నమును, తీపియును. కావున ఆమె కంచము అందఱికంటె ముందు పెట్టవలె నని మేము చెప్పగా అత్తగారు మొదట మొగము ముడిచిరి. మా వారు బడిపంతులు గనుక తూనికలు కొలతలు వారి మాట. త్రాసును వారమున కొక్కమాఱు, అదియు ఉదయముననే యెక్కవలెననియు, నెలకొకమాఱు నడుము టేపుతో గొలువవలెననియు వారు చెప్పిరి. ముల్లు నిలిచిన ఆ యైదు వారములలో అక్క రవికెలు రెండంగుళములు వదులైనవని అప్పుడు గాని తెలియలేదు! కండ నిలుచుటకు సాయంకాలము నడకయు, చిన్న బరువు లెత్తుటయు మొదలుపెట్టెను. ఏడవ వారమున ముల్లు కదలెను. తిండి మార్పుచే కదలెనో, కదలవలసిన దినము దానికదే వచ్చెనో మేము చెప్పజాలము.

ఏడాది మొదలు ఏడాదిన్నర లోపల వచ్చు కడపటి నిలుపును ఆటంకమని పిలువరాదు; అది చికిత్స చేర్చు గమ్యమే. అక్క 82 కడ ఆగినది. పెండ్లినాటి 55 కావలెనని యామెకు కోరిక. ఆ కోరిక నెఱవేఱుట యరుదు. స్వీడను దేశమున 1987లో మొదలిడి వేలమందిని ఏండ్ల తరబడి గమనించిన పరిశోధనలో, బైపాసువారు పదునైదేండ్లకు తొలి తూకములో సుమారు 27 వంతులు నూటికి తక్కువగా నుండిరి. తొలి రెండేండ్ల పిదప కొంత మఱల పెరుగుటయు గనబడెను. చికిత్స చేయించుకొనినవారిలో మరణములు తగ్గినవని 2007లో వారు ప్రకటించిరి. రెండు మూడేండ్లకు అయిదాఱు కిలోలు తిరిగి వచ్చినచో మొగము చాటుచేసికొని యింట గూర్చుండక, పట్టిక వ్రాసికొని ఆహారనిపుణురాలి కడకు మఱల బోవలెను. ఇప్పుడు సూదిమందులును వచ్చినవి. అవి వైద్యుని చీటీతోనే గాని పొరుగింటామె మాటతో వేసికొనదగినవి కావు. అక్కకు చక్కెరమాత్రలు రెండింటిలో నొకటి తగ్గినది. మెట్లెక్కి మేడమీద వడియములు పెట్టుచున్నది.