పందెమునకు ముందు గుఱ్ఱము నడత

గుఱ్ఱమును చూచి దాని గుణము నిర్ణయించుట మనకు క్రొత్త విద్య కాదు. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను సంస్కృతమున అశ్వశాస్త్రములు కలవు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఆ శాస్త్రములు సుడులను, వన్నెలను, అవయవముల పొందికను చూచి శుభాశుభములను చెప్పినవి. నేటి పందెపు మైదానమున జనులు చూచునది వేఱు. పుట్టుకతో వచ్చిన లక్షణములతో పాటు, పందెమునకు ముందు కొద్ది నిమిషములలో గుఱ్ఱము నడచు తీరును, దానికి పట్టిన చెమటను, చెవుల కదలికను చూచి వారు డబ్బు ఒడ్డుదురు. ఈ చూపునకు విలువ ఎంత? దానివలన పందెపు ధరలు ఎట్లు మాఱును? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

హైదరాబాదున పందెములు మౌలాలి నుండి మలక్‌పేటకు మాఱినది 1886లో, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కాలమున. అచట గాని, విదేశములందు గాని పద్ధతి ఇంచుమించుగా ఒక్కటియే. సయీసులు గుఱ్ఱములను పాడాకు అను ఆవరణలో చుట్టును త్రిప్పుదురు. జాకీలు ఎక్కిన పిదప అవి పందెపు బాటపైకి పోయి, బయలుదేరు గేటును చేరును. చూడనేర్చినవాని కన్ను పనిచేయు సమయ మిదియే.

గుఱ్ఱము పరుగెత్తి ప్రాణము కాచుకొను జంతువు. విశ్రాంతిగా నున్నపుడు దాని గుండె నిమిషమునకు 28 మొదలు 40 సార్లు కొట్టుకొనును. పూర్తి వేగమున ఆ సంఖ్య 220 దాటవచ్చును. జనసమ్మర్దము వలన ఉద్రేకము కలుగగా, ప్లీహము ముడుచుకొని తనలో దాచిన ఎఱ్ఱకణములను రక్తములోనికి విడుచును. ఇది పరుగునకు సహాయమే. కావున కొంత ఉద్రేకము దోషము కాదు. అది మితిమీఱినచో బలము పందెమునకు ముందే వ్యయమగును. అపుడు మెడమీదను, తొడల నడుమను తెల్లని నురుగు కట్టును. గుఱ్ఱపు చెమటలో లాథెరిన్ అను మాంసకృత్తు కలదు; సబ్బువలె నురుగు వచ్చుటకు అదియే కారణము. తోక విసరుట, తల ఎగురవేయుట, అడ్డముగా నడచుట, ఇద్దఱు పట్టినను నిలువకుండుట తక్కిన చిహ్నములు. అయినను ఎండ కాసిన దినమున చెమట సహజము. కొన్ని గుఱ్ఱములకు చెమర్చుట స్వభావము. కావున ఒక గుఱ్ఱపు నేటి నడతను దాని వెనుకటి నడతతో పోల్చి చూడవలయును.

ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో హట్సన్, హాస్కెల్ అను పరిశోధకులు పందెమునకు ముందు గుఱ్ఱముల నడతను వ్రాసికొని, ఫలితములతో సరిచూచి 1997లో ప్రకటించిరి. హెచ్చుగా ఉద్రేకపడి, అదుపులో నుంచువారికి శ్రమ కలిగించిన గుఱ్ఱములు ఓడినవానిలో ఎక్కువగా కనబడినవి. దీనినిబట్టి మేము గ్రహించున దేమనగా, ఈ చూపు ఓడుదానిని కనిపెట్టుటకు కొంత పనికివచ్చును. గెలుచుదాని నేర్పఱచుటకు అంతగా పనికిరాదు. శాంతముగా నడచునవి పది యుండగా గెలుచునది ఒక్కటే గదా.

ఇక ధరల సంగతి. టోటలైజేటరు పద్ధతిలో అందఱి డబ్బును ఒక్కచోట చేర్చి, పన్నులును నిర్వాహకుల వాటాయు తీసివేసి, మిగిలినది గెలిచినవారికి పంచుదురు. ఒక లెక్క ఊహింతము. మొత్తము 10,000 రూపాయలు. అందులో మొదటి గుఱ్ఱముపై 4,000, రెండవదానిపై 1,000. నూటికి 20 తీసివేయగా మిగులునది 8,000. మొదటిది గెలిచిన రూపాయకు 2 రూపాయలు, రెండవది గెలిచిన 8 రూపాయలు వచ్చును. ఇంతలో పాడాకులో మొదటి గుఱ్ఱము నురుగు కట్టినది. తరువాత వచ్చిన 10,000లో దానిపై 1,000 మాత్రమే పడినది. రెండవదానిపై 4,000 పడినది. ఇపుడు పంచవలసినది 16,000. రెంటిపైనను చెరి 5,000. ఏది గెలిచినను రూపాయకు 3 రూపాయల 20 పైసలే.

చిహ్నమును నలుగురును చూచిన పిమ్మట దాని విలువ ధరలో కలిసిపోవుననుటకు ఇది నిదర్శనము. రెండవ గుఱ్ఱముపై 8 రూపాయలు చూచి ఒడ్డినవానికిని చివరకు దక్కునది 3 రూపాయల 20 పైసలే, ఏలయన ఈ పద్ధతిలో చివరి ధరయే అందఱికిని చెల్లును. బుక్‌మేకరు వద్ద ముందుగా ధర ఖాయపఱచుకొన్నవానికి ఆ ధర నిలుచును. కాని చిహ్నము కనబడగానే బుక్‌మేకరు తరువాతివారికి ధర మార్చును. కావున లాభము చిహ్నమును చూచినవానికి గాదు, లోకముకంటె సరిగా చూచినవానికే. జనులు చెమటకు వెఱచి మంచి గుఱ్ఱమును అతిగా విడిచిపెట్టుటయు కలదు.

జరిగిన పిదప చిహ్నమునకు అర్థము కల్పించుట మఱియొక పొరపాటు. 2006 మే 20న అమెరికాలో ప్రీక్‌నెస్ పందెమున, జనులు హెచ్చుగా నమ్మిన బార్బరో గేటును త్రోసికొని ముందే పరుగెత్తెను. దానిని పరీక్షించి మఱల నిలిపిరి. పందెము మొదలైన కొలదిసేపటికే దాని కుడి వెనుకకాలు విఱిగెను. 2007 జనవరిలో, బాధ తీర్చుటకై దాని ప్రాణము తీయవలసి వచ్చెను. గేటును త్రోయుటయే మూలమని తలచినవారు కలరు. అందుకు నిదర్శనము కానరాలేదు.

1996లో సుప్రీముకోర్టు గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడునని తీర్పు చెప్పినది. అది చట్టపు మాట. నైపుణ్యము కలదనుట వేఱు, అది మన జేబు నింపుననుట వేఱు. పై లెక్కలో 20,000 ఒడ్డినవారికి అందఱికిని కలిపి తిరిగి వచ్చినది 16,000. ఎంత నేర్పుతో చూచినను ఆ లోటు మొత్తముమీద తీరదు. ఇంటి బియ్యమునకు ఉంచిన సొమ్మును చెవుల కదలికను నమ్మి ఒడ్డువాడు దీనిని మఱవరాదు.

గుఱ్ఱము చెమర్చుట పందెగానికి కబురు పంపుటకు గాదు. భయమో, నొప్పియో, ఉక్కయో దానిని అట్లు చేయును. ఆ మాటను మొదట వినవలసినవారు సయీసు, శిక్షకుడు, పశువైద్యుడు. అవసరమైనచో గుఱ్ఱమును పందెమునుండి తప్పించు అధికారము మైదానమువారికి కలదు. వారు దానిని సకాలమున వినియోగించిరేని, జంతువునకును, దానిపై డబ్బు ఒడ్డినవానికిని అంతకు మించిన మేలు లేదు.